రెండాకుల మధ్య రెప్ప

మంచుకోనలో సూర్యుడు వచ్చినా మంచు లేవదు. కాగుతున్న పాలలా కొండల అంచుల దాకా పొంగి, పొర్లకుండా అక్కడే ఆగిపోతుంది. ఆ తెల్లదనం అడుగున, మనిషి నడుము ఎత్తు కూడా లేని ఒక బలుసు పొద ఉంది. దాని చుట్టూ పట్టు కనాతు. నాలుగు మూలలా ఈటెలు పట్టిన భటులు. పక్కన వెండి పీట మీద మణిగొంది మహారాణి మాణిక్యదేవి.

ఏడు రోజులుగా ఆమె ఆ పీట దిగలేదు. ఆ పొద ఆమె కొడుకు.

యువరాజు కేయూరుడు ఆ కోనకు వేట కోసం రాలేదు. అక్కడ పుట్టే సెలయేటిని ధూమ్రపాదుడనే మాంత్రికుడు రాతిగోడతో కట్టేశాడు. కింది ఊళ్ళ చేలు నెర్రెలు విచ్చాయి. యువరాజు వచ్చి గోడ పగలగొట్టాడు. నీళ్ళు గలగలమని పారుతుంటే విని నవ్వాడు. అతను నవ్వుతుండగానే మాంత్రికుడు చిటికెడు బూడిద విసిరాడు. నవ్వు ఆకులైంది. గోళ్ళు ముళ్ళయ్యాయి.

శాపం పెట్టినవాడు విమోచనం కూడా చెప్పి తీరాలి. లేకపోతే ఆ శాపం వెనక్కి వచ్చి పెట్టినవాడికే తగులుతుంది. అందుకని ధూమ్రపాదుడు కొండ కొమ్ము మీద నిలబడి అరిచాడు:

"తోడబుట్టిన మొక్క కొమ్మతో తాకితే మళ్ళీ మనిషవుతాడు! పరాయి కొమ్మ తాకిందా, ఎప్పటికీ పొదే! మొదటి కాయ పండేలోగా తేల్చుకోండి!"

అరిచి ఊరుకోలేదు. వెళ్ళిపోతూ కోనంతా నిప్పు పెట్టాడు. యువరాజు పొద చుట్టూ భటులు తడిగోనెలు పట్టుకుని నిలబడి, అదొక్కటీ కాపాడారు. పొడవాటి చెట్లు మాడిన మొదళ్ళతో మిగిలాయి. పొదలన్నీ బూడిదయ్యాయి.

"పన్నెండేళ్ళ కిందట నా పెద్దకొడుకు హేమాంగదుణ్ణి ఈ కోనే మింగింది. పులి ఎత్తుకెళ్ళిందన్నారు," అంటూ మహారాణి తొలిరోజు ఒక్క మాటే మాట్లాడింది. "రెండోవాణ్ణి ఇవ్వను." ఆ తరువాత పొదకేసి చూస్తూ ఉండిపోయింది.

మణిగొంది రాజ్యంలో మొక్కలకు ఏడు వాడలు. ముళ్ళున్నవి ముళ్ళవాడ. పాలు కారేవి పాలవాడ. పాకేవి తీగవాడ. ఆకాశానికి ఎదిగేవి మానువాడ. అలా ఏడు. పాలబుగ్గల పిల్లలు కూడా ఆ పేర్లు పాటలా వల్లిస్తారు. ఆ పాట కట్టిన వంశంవాడే ఆస్థాన శాకపండితుడు గుణనిధి శాస్త్రి. ఆయన వచ్చి, బారెడు దూరంలో నిలబడి పొదను చూసి, "ముళ్ళున్నాయి, కనక ముళ్ళవాడ. రేగు దీనికి అక్క," అని తేల్చాడు. రాజధాని నుంచి రేగుకొమ్మ పల్లకిలో బయలుదేరింది. ఈ రోజు మిట్టమధ్యాహ్నం నగారా మోగగానే ఆ కొమ్మతో పొదను తాకాలని ముహూర్తం.

పొదకు నీళ్ళు పోసే పని వావిలిది. పదహారేళ్ళ పిల్ల. మూలికలు ఏరి బతికే కొండవాళ్ళ అమ్మాయి. వాళ్ళలో ఆడపిల్లలకు మొక్కల పేర్లే పెడతారు. నలుగురు ఒక్కసారి తనవైపు చూస్తే చాలు, ఆమె గొంతు తాళం వేసుకుంటుంది. అందుకే ఏడు రోజులుగా ఏమీ అనలేదు. కానీ ఏడు రోజులుగా చూస్తూనే ఉంది.

బలుసు ఆకులు జంటజంటలుగా, ఎదురెదురుగా పుడతాయి. ఆ రెండాకుల కాడల మధ్య, కొమ్మను కరుచుకుని, గోరంత కూడా లేని ఒక పచ్చని పొర ఉంటుంది. చివర సన్నగా తేలిన చిన్న రెప్ప లాంటిది. పుట్టబోయే చిగురును లోపల దాచుకుంటుంది. వావిలి అవ్వ ఆ రెప్పను చూసే మొక్కల చుట్టరికాలు చెప్పేది.

"ముల్లు చూడకే, ముడి చూడు," అనేది అవ్వ. "ముల్లు మొక్క కోపం. కోపం ఎవరికైనా వస్తుంది. ఎదురాకుల నడుమ రెప్ప మాత్రం ఆ ఇంటివాళ్ళదే."

అవ్వ చెప్పినదాని ప్రకారం బలుసు, మంగ, బిక్కి, నూరువరహాలు ఒకే ఇంటి బిడ్డలు. రేగు ఆ వీధిది కూడా కాదు.

ఆ ఉదయం నీళ్ళు పోస్తూ వావిలి అడుగుకొమ్మ మీదికి వంగింది. జంట గింజలు దాచుకున్న పచ్చటి కాయ ఒకటి ఒక చెంప మీద పసుపు తిరుగుతోంది. గడువు ముంచుకొచ్చింది.

"మన్నించండి బాబూ," అని గొణిగి, తోబుట్టువు కొమ్మతో పోల్చి చూడటానికి పొద చివరి నుంచి చిటికెనవేలి కొనంత రెమ్మ తుంచింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి నడుముకు దోపుకుంది. కనాతు బయట యువరాజు గుర్రానికి ఉలవలు పెడుతున్న రౌతు బొప్పన దగ్గరికి పరుగెత్తింది.

"బొప్పన్నా, రేగు కాదు."

"ఏది రేగు కాదు?"

"బాబుగారి తోబుట్టువు. రేగు తాకితే ఇక ఎప్పటికీ పొదే."

"మరి నాకు చెబుతావేంటి తల్లీ? లోపలికెళ్ళి మహారాణిగారికి చెప్పు!"

వావిలి కనాతు వైపు చూసింది. లోపల పాతిక తలపాగాలు కనిపించాయి. "నువ్వు చెప్పు అన్నా."

"నేనా! గడ్డికీ గరికకీ తేడా నాకు ఈ గుర్రం చెప్పాలి. వట్టి చేతులతో వెళ్ళి శాస్త్రిగారిని కాదంటే ముళ్ళవాడ మొత్తం నా నెత్తిన నాటిస్తారు."

"అయితే కొమ్మ తెద్దాం. నూరువరహాలు కొమ్మ."

"ఎక్కడుందీ? అంతా బూడిదేగా."

వావిలి వేలు చాపింది. దూరంగా మంచు మీద తేలుతున్నట్టు ఒక పచ్చని చుక్క కనిపించింది. అది తామరమడుగు మధ్య దిబ్బ, ధూమ్రపాదుడి తోట. తన ఇంటికి తాను నిప్పు పెట్టుకోడు కదా.

"బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు పెద్దలు. నువ్వేమో ఆ బలుసు కోసమే చావమంటున్నావు," అంటూనే బొప్పన జీను బిగించాడు.

గుర్రం బూడిద నేల మీద పరుగుతీసింది. డెక్కల కింద చప్పుడు లేదు. ఎగిరిన బూడిద వెనక నిలబడిపోయి, వాళ్ళు వచ్చిన దారంతా సన్నని నల్లని పరదా అయింది. ఇక మడుగు వాసన తగులుతుందనగా నిద్రగన్నేరు తోపు అడ్డం వచ్చింది.

ఆ తోపులో చెట్లు ఉదయం పడుకుని మధ్యాహ్నం లేస్తాయి. వేలవేల ఆకులు ఒక్కొక్కటే ముడుచుకుంటుంటే దూరాన వాన పడుతున్నట్టు సన్నని చప్పుడు. అది విన్న ప్రాణికి కళ్ళు మూతలు పడతాయి.

"నాకేం నిద్ర రాదు," అన్నాడు బొప్పన. "నేను మూడేళ్ళు కోటగుమ్మం దగ్గర..."

గుర్రం నిలబడి నిద్రపోయింది. దాని మెడ మీద తల వాల్చి బొప్పన నిద్రపోయాడు.

వావిలి కిందికి దూకింది. ఆమె కళ్ళూ మూతలు పడుతున్నాయి. ముందు ఎవరో నడుస్తున్నారు, భుజాన మూలికల బుట్టతో. అవ్వలా ఉంది. అవ్వ పోయి రెండేళ్ళయింది. "పడుకోకే, చుట్టాల పేర్లు చెప్పుకుంటూ రా," అంది ఆ మనిషి వెనక్కి తిరగకుండా. బలుసు, మంగ, బిక్కి, నూరువరహాలు. బలుసు, మంగ, బిక్కి... పెదవులు కదులుతుండగానే తోపు దాటింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. ఎదురుగా తామరమడుగు ఉంది.

ఆకులు ఒక్కొక్కటి బండిచక్రమంత వెడల్పు. వాటి మధ్య నీళ్ళలో మొసళ్ళ వీపులు సోమరిగా దొర్లుతున్నాయి. ఒక్కో ఆకు ఒక్క ఊపిరి సేపే మనిషిని మోస్తుంది. వావిలి ముఖానికి మసి రాసుకుంది. కాలిన పుల్లలు ఏరి మోపు కట్టి తల మీద పెట్టుకుంది. ఊపిరికో ఆకు, ఆకుకో ఊపిరి చొప్పున దాటి దిబ్బ ఎక్కింది.

తోటలో నూరువరహాలు లేదు.

ఉమ్మెత్త ఉంది. జిల్లేడు ఉంది. గన్నేరు ఎర్రగా నవ్వుతోంది. ఎంత వెతికినా ఎదురాకుల మధ్య రెప్ప ఉన్న పొద ఒక్కటీ లేదు. తోట నడుమ ఆకాశమంత కడిమిచెట్టు ఒకటే, ఒళ్ళంతా బంగారు బంతుల్లాంటి పూలతో నిలబడి ఉంది. దాని నీడలో పులితోలు మీద ధూమ్రపాదుడు కూర్చున్నాడు. అతని అరికాళ్ళ నుంచి సన్నగా పొగ వస్తోంది.

"ఎవర్తివే?"

"చిదుగులు ఏరుకునేదాన్ని సామీ. హోమానికి పుల్లలు కావాలేమోనని తెచ్చాను."

"మొసళ్ళు నిన్నేం చెయ్యలేదా?"

"ఎముకలే కదా సామీ. లెక్కచెయ్యలేదు."

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నోరుంది నీకు! సరే, ఈ చెట్టు ఏ వాడదో చెప్పు. చెబితే పుల్లలు తీసుకుంటా. తప్పావో, నిన్నే పొయ్యిలో పెడతా."

ఒక్కడే చూస్తున్నాడు కాబట్టి వావిలి గొంతు పలికింది. "ఆకాశానికి ఎదిగింది. మానువాడ సామీ."

"శభాష్! నేనూ ఆ గుణనిధీ ఒకే బడిలో ఆ పాట పాడినవాళ్ళమే." అతను చెట్టు బోదెను తట్టాడు. "ఇది మానువాడ, అది ముళ్ళవాడ. ఒకదానికొకటి ఏమీ కావు! పైగా ముళ్ళపొదలన్నీ కాల్చేశా. ఇక వాడికి తోబుట్టువు ఎక్కడి నుంచి వస్తుంది? ఆహా, ధూమ్రపాదా, ఏం బుర్రరా నీది!"

తనను తాను మెచ్చుకుని, హోమం పొగ మత్తుకు అతను కళ్ళు మూశాడు.

వావిలి మోపు దించింది. ఇక ఏం చెయ్యాలో తోచక కడిమి మొదలుకు తల ఆనించింది. పూల బరువుకు ఒక కొమ్మ ఆమె ముఖం దాకా వంగి ఉంది. కొండవాళ్ళు పొదలే చూస్తారు. ఇంత చెట్టు కొమ్మ చివర ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి.

కొమ్మ చివర, రెండాకుల మధ్య, బొటనవేలి గోరంత పెద్ద పచ్చని రెప్ప ఉంది. చిగురును దాచుకుని మూసుకుని ఉంది.

ఆమె నడుము నుంచి తడిగుడ్డ తీసి విప్పింది. బలుసు రెమ్మను కడిమి కొమ్మ పక్కన, ఒక వేలి ఎడంలో పట్టుకుంది. తాకించలేదు. కొండవాళ్ళలో రెండు మొక్కలను తాకించారంటే చుట్టరికం కలిపినట్టే. అందుకని ముందు మూడుసార్లు చూడాలి. ఒకసారి ఆకు. రెండోసారి రెప్ప. మూడోసారి...

"ఏం చేస్తున్నావే అక్కడ?"

మాంత్రికుడి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

వావిలి బలుసు రెమ్మను గుడ్డలో దోపి, కడిమి కొమ్మను ఫట్టున విరిచింది. గాలి లేదు. అయినా చెట్టు మొత్తం జలదరించింది. పైనెక్కడో, నిద్రలో మనిషి మూలిగినట్టు ఒక నిట్టూర్పు. విరిగినచోటు నుంచి ఆమె మణికట్టు మీద ఒక చుక్క రాలింది. వెచ్చగా ఉంది.

"దొంగా!" ధూమ్రపాదుడు పొగలు కక్కుతూ లేచి గుప్పెడు బూడిద ఎత్తాడు. అతను విసిరేలోగానే కడిమి తన పూలన్నీ ఒక్కసారి వదిలేసింది. బంగారు బంతులు వడగళ్ళలా దబదబా అతని తల మీద పడ్డాయి. బూడిద చెదిరి అతని గడ్డం మీదే రాలింది. గడ్డం పచ్చని గరికైంది. గరిక సరసరా సాగి నేలలోకి వేళ్ళు దింపింది. మాంత్రికుడు గడ్డంతో సహా నేలకు అతుక్కుపోయి, "కొడవలి! నా కొడవలేదీ!" అని గుడ్డిగా నేల తడుముతున్నాడు.

వావిలి ఆకుల మీద పరుగెత్తింది. ఈసారి ఊపిరి లెక్కపెట్టలేదు. కొన్నిసార్లు ఆకు మీద కాలు పడింది, కొన్నిసార్లు మొసలి వీపు మీద పడింది. ఏది ఏదో ఆమెకు తెలియదు.

తోపు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. నిద్రగన్నేరు ఆకులు విచ్చుకుంటున్నాయి. బొప్పన కళ్ళు తెరిచి, "...కాపలా కాసినవాణ్ణి. ఆగిపోయామేంటి, పద మడుగు దగ్గరికి," అన్నాడు.

"వెళ్ళొచ్చాను అన్నా. వెనక్కి తిప్పు!"

అతను ఆమె చేతిలోని కొమ్మ చూశాడు. వెంటనే పగ్గాలు తిప్పాడు. గుర్రం విల్లు వదిలిన బాణమైంది.

నగారా మొదటి దెబ్బ దారిలోనే వినిపించింది. రెండో దెబ్బకు కనాతు కనిపించింది. మూడో దెబ్బకు గుణనిధి శాస్త్రి రేగుకొమ్మను కలశంలో ముంచి, పొద మీదికి వంచాడు.

వావిలి గుర్రం మీది నుంచి దూకి కనాతులోకి దూసుకుపోయింది. పాతిక తలపాగాలు తిరిగాయి. యాభై కళ్ళు ఆమె మీద నిలిచాయి. నోరు తెరిచింది. మాట రాలేదు. రేగుకొమ్మకూ బలుసు ఆకుకూ మధ్య బెత్తెడు చోటు మిగిలింది.

ఆమె రెండడుగులు వేసి ఆ రేగుకొమ్మను వట్టి చేత్తో గట్టిగా పట్టుకుంది. ముళ్ళు అరచేతిలో దిగాయి.

"పిచ్చిపిల్లా, వదులు! ముహూర్తం దాటిపోతోంది!" శాస్త్రి అదిరిపడ్డాడు.

"కాదు," అంది వావిలి. అంత మాత్రమే వచ్చింది.

"ఏమిటే కాదు? దీనికీ ముళ్ళున్నాయి, దానికీ ముళ్ళున్నాయి!"

"ముళ్ళు... రాజుగారి భటుల చేతుల్లోనూ ఈటెలున్నాయి. అందరూ ఒక తల్లి బిడ్డలా అయ్యా?"

మూలన ఒక భటుడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

మహారాణి పీట మీది నుంచి లేచింది. ఏడు రోజుల తరువాత మొదటిసారి లేచింది. "మాట్లాడు తల్లీ. వాళ్ళవైపు చూడకు. నావైపు చూడు."

"రేగాకులు ఒకటి విడిచి ఒకటి పుడతాయమ్మా. బాబుగారివి ఎదురెదురు. మధ్యలో రెప్ప ఉంది. ఇదిగో, ఈ కడిమికీ అదే రెప్ప. మీరే మూడుసార్లు చూడండి."

"కడిమి మానువాడ!" శాస్త్రి గొంతు కీచుమంది. "తాటిచెట్టంత అది. ఇదేమో మోకాలెత్తు!"

"ఒక ఇంట్లో అన్న పొడుగు, తమ్ముడు పొట్టి ఉండరా అయ్యా? కనురెప్పలు చూస్తే తెలుస్తుంది కదా."

ఆ మాటకు మహారాణి ఒక్కక్షణం కళ్ళు మూసుకుంది. తరువాత కిరీటం తీసి పీట మీద పెట్టి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. పొద కొమ్మను దగ్గరికి తీసుకుని చూసింది. కడిమి కొమ్మ చూసింది. మళ్ళీ పొదను చూసింది. అడుగున కాయ ఇంచుమించు మొత్తం పసుపెక్కింది.

"మూడుసార్లు చూశాను. తాకించు," అంది.

వావిలి కడిమి కొమ్మను బలుసు ఆకులకు ఆనించింది.

ముందు ముళ్ళు రాలాయి, ముగ్గు చల్లినట్టు. ఆ తరువాత మంచు మొత్తం ఒక్కచోటికి వచ్చి చుట్టుకుంది. అది విడిపోయేసరికి బురదలో ఒక యువకుడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టులో ఇంకా నాలుగు ఆకులున్నాయి. ఎడమచేతి చిటికెనవేలికి కొన లేదు.

"అమ్మా," అన్నాడు కేయూరుడు. తల్లి అతన్ని రెండు చేతులా చుట్టేసింది. శాస్త్రి చేతిలోంచి రేగుకొమ్మ జారింది. బొప్పన బయట గుర్రాన్ని కౌగిలించుకుని ఏడుస్తున్నాడు.

కానీ యువరాజు చూపు వావిలి చేతిలోని కొమ్మ మీద ఉంది.

"దీన్ని ఎక్కడ విరిచావు?"

"మాంత్రికుడి తోటలో బాబూ. పెద్ద కడిమి."

"అది అన్నయ్య."

మహారాణి ఆ కొమ్మకేసి చెయ్యి చాపింది.

"మట్టి కింద ఆయన వేళ్ళు నన్ను వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాయి," అన్నాడు కేయూరుడు మెల్లగా, కల చెబుతున్నట్టు. "మాటలుండవు అక్కడ. నీళ్ళు వస్తున్నాయి, తాగు. నిప్పు వస్తోంది, వేళ్ళు లోపలికి తీసుకో. అంతే. పన్నెండేళ్ళుగా ఒక్కడే ఉన్నాడమ్మా. పులి కాదు."

వావిలికి మాంత్రికుడి గొప్పలు ఇప్పుడు అర్థమయ్యాయి. అన్నను మానువాడలో, తమ్ముణ్ణి ముళ్ళవాడలో పెట్టి, ఒకరికొకరు ఏమీ కారనుకున్నాడు. నెత్తురు మాత్రం పసరుగా మారినా తన ఇల్లు తాను వెతుక్కుంది. ఆ చెట్టు కింద రెండు కొమ్మలను ఒక వేలి ఎడంలో పట్టుకుంది తను. ఒక్క వేలి ఎడం! మూడోసారి చూడకుండానే తాకించి ఉంటే, అన్న అక్కడే మనిషయ్యేవాడు, తమ్ముడికి కొమ్మ మిగిలేది కాదు.

అప్పుడే తామరమడుగు వైపు నుంచి, మంచును చీల్చుకుంటూ ఒక చప్పుడు వచ్చింది.

టక్.

కాసేపాగి మళ్ళీ, టక్.

"గొడ్డలి," అన్నాడు బొప్పన. మాంత్రికుడు గడ్డం కోసుకుని లేచి, కడిమిని నరుకుతున్నాడన్నమాట.

"వాడికీ తోడబుట్టిన కొమ్మే తాకాలి. బలుసు కొమ్మ కావాలి!" మహారాణి నలువైపులా చూసింది. కోనంతా బూడిద. మిగిలిన ఒక్క పొద ఇప్పుడు మనిషై ఆమె చేతుల్లో ఉంది.

వావిలి నడుము నుంచి తడిగుడ్డ తీసింది. గుడ్డ దాదాపు ఆరిపోయింది. లోపల చిటికెనవేలి కొనంత రెమ్మ, రెండే ఆకులు. ఒకటి అప్పటికే తలవాల్చింది. రెండోది నిలబడి ఉంది. మధ్యలో రెప్ప ఇంకా పచ్చగానే ఉంది.

గుణనిధి శాస్త్రి ముహూర్తపు కలశం ఎత్తి, నీళ్ళన్నీ ఆ గుడ్డ మీద పోశాడు. "వెళ్ళు తల్లీ. ఎనిమిదో వాడకు ఏం పేరు పెట్టాలో తిరిగొచ్చాక చెబుదువుగాని."

కేయూరుడు గుర్రమెక్కి ఆమెకు చెయ్యి అందించాడు. కొన లేని చిటికెనవేలు ఆమె అరచేతిలోని ముళ్ళగాయాలకు తగిలింది. టక్, అంది మంచు. కనాతు ముందు భటులు, పల్లకి బోయీలు, మంత్రులు, అందరూ దారికి అడ్డంగా నోళ్ళు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు.

"తప్పుకోండి!" అని ఒక గొంతు కోన ప్రతిధ్వనించేలా అరిచింది. "దారి ఇవ్వండి! తప్పుకోండి!"

ఆ గొంతు వావిలిది. గుడ్డను గుండెకు అదుముకుని, కొండల అంచు దాకా పొంగిన ఆ తెల్లదనంలోకి ఆమె తలవంచకుండా దూసుకుపోయింది.